రంగు దిగుతున్న నీళ్లు

సంచిలో నీళ్లు గులాబీరంగులో ఉన్నాయి. థర్మోకోల్ పెట్టె మూత ఊడదీసి, ఉండలు చుట్టిన తమిళ పేపర్లు నేల మీద పడేసి, గాలి నింపి రబ్బరుబ్యాండ్లతో బిగించిన ప్లాస్టిక్ సంచిని కిటికీ వెలుగులోకి ఎత్తిన అఖిల చేతులు అలాగే ఆగిపోయాయి. సముద్రపు నీటికి ఈ రంగెక్కడిది? కొత్తపట్నం నుంచి బుడాన్ తన ట్రాలీ ఆటోలో క్యాన్లతో తెచ్చే నీళ్లు, అలలు విరిగే చోటు దాటాక పడవ మీంచి ముంచుకొచ్చినవి, కాస్త తేరనిస్తే అద్దంలా ఉంటాయి. ఇవేమో పెళ్లింట్లో చివరి బంతికి నీళ్లు కలిపి పోసిన షర్బతులా ఉన్నాయి. అడుగున ముడుచుకుని పడి ఉన్న జీవి ఇంకా చిక్కటి రంగులో, చీరల కొట్లో రాణీకలర్ అంటారే, ఆ రంగులో, అంచు నుంచి అడుగు దాకా ఒకటే పూతగా ఉంది. ప్రాణమున్న దేనికీ రంగు ఇంత సమానంగా ఉండదు. మామిడిపండుకి ఉండదు, మిరపకాయకి ఉండదు, మనిషి ఒంటికీ ఉండదు. దీనికి ఎవరో రంగు వేశారు. బతికున్నదాన్ని పట్టుకుని రంగునీళ్లలో నానబెట్టారు.

తెచ్చిందెవరు? నాగేంద్రబాబు. ఆమె మొగుడు. కర్నూలు రోడ్డులో కారం మిల్లు నడిపే మనిషి. అరచేతిలో చిటికెడు కారం వేసుకుని బొటనవేలితో ఒక్కసారి నలిపి, ఇది పోయినేటి కోల్డ్‌స్టోరేజీ కాయ, ఇందులో తొడిమెలు కలిపారు, దీనికి రంగు పడింది అని, ముక్కు దగ్గరికి కూడా తీసుకోకుండానే చెప్పేవాడు. పెళ్లయిన కొత్తలో గాజు గ్లాసుతో నీళ్లు తెప్పించి, మీద కాస్త కారం చల్లి, "చూడు అఖిలా, మంచిదైతే నిమ్మళంగా దిగిద్ది, రంగేసిందైతే ఎర్రటి దారాలు వదిలిద్ది" అని చూపించింది అతనే. విదేశాలకి పోయిన కారంలో రంగు దొరికిందని మొన్నామధ్య గుంటూరు యార్డంతా గగ్గోలెత్తినప్పుడు, పెద్ద పెద్ద వ్యాపారులు ఒంగోలు వచ్చి తమ సరుకు ఇతని చేతిలో పోసి చూపించుకుని వెళ్లారు. అలాంటివాడు, సంచిలో నీళ్లే గులాబీరంగుకి తిరిగిపోయినదాన్ని, మద్రాసు నుంచి రైల్లో ఇంత దూరం మోసుకొచ్చి, డైనింగ్ టేబుల్ మీద పెట్టి, "నీకోసమే. ఎన్నాళ్లనుంచో అడుగుతున్నావుగా" అనేసి, స్నానం చేసి ముందుగదిలోకి పోయి తలుపేసుకున్నాడు. మోసపోయాడంటే నమ్మడానికి లేదు. అతను మోసపోడు. అయితే అతను చూడలేదు. చూసి ఏరింది ఇంకెవరో.

ముందుగదిలోంచి దగ్గు వినిపించింది. తలగడలో నొక్కి దగ్గినట్టు మూసుకుపోయిన దగ్గు.

సంచిని చేపలతొట్టి నీళ్లలో తేలేసి, లోపలి నీళ్ల వేడి బయటి నీళ్ల వేడికి వచ్చాక, మెల్లగా విప్పి తెల్ల ప్లాస్టిక్ బేసిన్లోకి వంచింది. బేసిన్ తెలుపు మీద ఆ రంగు ఇంకా బాహాటంగా కనపడింది. మందుల షాపులో కొనుక్కొచ్చి పెట్టుకున్న సెలైన్ గొట్టం ఒక కొస తొట్టిలో వేసి, రెండో కొసని బేసిన్ అంచుకి బట్టలక్లిప్పుతో బిగించి, చిన్న చక్రం తిప్పి చుక్కలు పడేలా సరిచేసింది. షాపువాడు సంచి నీళ్లలో ఉప్పెంత వేశాడో తెలియదు, తన తొట్టిలో ఉప్పు వేరు. ఉన్నట్టుండి మారిస్తే ఈ జాతి తట్టుకోలేదు. గంటసేపు ఇలా చుక్కచుక్కగా అలవాటు చెయ్యాలి, మధ్యమధ్యలో బేసిన్లో నీళ్లు సగం పారబోస్తుండాలి. ఈ గంటసేపు కుర్చీ వేసుకుని ఇక్కడే కూర్చోవాలి. కూర్చుంది. తొట్టిలో ఆమె రెండు చేపలు, నల్లటి ఒంటి మీద తెల్లపట్టీలున్న జోకరు చేపలు, ఎప్పటిలాగే మోటారు మూతికి చుట్టిన స్పాంజికి ఒళ్లు రుద్దుకుంటున్నాయి. పాపం, వాటికి ఇల్లు లేదు. ఎనిమోన్, ఇదిగో ఈ పువ్వులాంటి సముద్రజీవి, ఉంటే అందులో దూరి పడుకుంటాయి. కూతురు శ్రీరమ్యని గుంటూరులో ఇంటర్ హాస్టల్లో చేర్చి వచ్చిన నెలలో, ఇల్లు బావురుమంటుంటే, మంచినీళ్ల చేపలు పెంచుతున్న పాత తొట్టిని ఉప్పునీళ్లకి మార్చింది అఖిల. నీళ్లు కుదురుకోవాలి, ఏడాది నిండితే గానీ ఎనిమోన్ పెట్టకూడదు అని ఒకసారి అన్నం తింటూ చెప్పింది. అప్పుడతను వింటున్నట్టే లేడు. కంచం వైపే చూస్తున్నాడు. అయినా గుర్తుపెట్టుకున్నాడంటే? గుర్తుపెట్టుకున్నాడా, ఎవరైనా గుర్తుచేశారా? తప్పు చేసినవాళ్లు ఇంటికి వస్తూ ఏదో ఒకటి తెస్తారని పక్కింటి సుబ్బరావమ్మ టీవీ సీరియల్ చూస్తూ అన్నప్పుడు నవ్వింది తను. నవ్విందిగానీ, మాట అక్కడే ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

ఏరిన మనిషి ఎలా ఉంటుంది? రాణీకలర్ ఇష్టమైన మనిషి అయ్యుండాలి. దుకాణంలో వరసగా పెట్టిన తొట్ల ముందు అతని పక్కన నిలబడి, "ఇదిగోండి, ఇది తీస్కోండి, ఎంత బావుందో" అని వేలు పెట్టి చూపించి ఉంటుంది. తమిళం కలిసిన తెలుగు మాట్లాడుతుంది. చిన్న వయసు. చేతికి సన్నటి గాజులు. అఖిల ఆ గాజుల చప్పుడు కూడా విన్నది. ఆ మనిషికి చీర కట్టింది, జడ వేసింది, మల్లెపూలు పెట్టింది. ఛీ, ఏంటిది, అనుకుని లేచి గొట్టం చక్రం సర్ది, మళ్లీ కూర్చునేసరికి ఆ మనిషి ఎదురు కుర్చీలో కూర్చునే ఉంది.

వినాయకచవితి నుంచి మొదలు. పత్రి కోసుకొచ్చిన రోజే చెప్పాడు, ఇక తను ముందుగదిలో పడుకుంటానని. "మిల్లు ఘాటు ఒంట్లోకి దిగింది. రాత్రంతా దగ్గుతుంటే నీకు నిద్ర ఉండదు గదా." నిద్ర లేకపోయినా ఫర్వాలేదంటే వినలేదు. తర్వాత తన గ్లాసు తనే కడుక్కోవడం. తర్వాత తన కంచం. వడ్డించబోతే, "ఆడ పెట్టు, నేను వేసుకుంటా." దగ్గరికి వెళితే ఒక అడుగు వెనక్కి. మొహంలోకి చూసి మాట్లాడ్డం మానేశాడు, పక్కకి తిరిగి గోడతో మాట్లాడతాడు. దసరాకి శ్రీరమ్యని చూడ్డానికి గుంటూరు పోదామంటే మిల్లులో పనుందన్నాడు. కూతురంటే ప్రాణం పెట్టే మనిషి! ఆమె ఒక్కతే బస్సెక్కి వెళ్లి, అరిసెల డబ్బా ఇచ్చి, "నాన్న రాలేదేంటమ్మా" అంటే, "వస్తాళ్లే" అని అబద్ధం చెప్పి తిరిగొచ్చింది. నెల నెలా మద్రాసు. ఎక్స్‌పోర్టు పార్టీలంటాడు. ఏ పార్టీ అంటే పేరు చెప్పడు. సెల్‌ఫోను మోగితే పెరట్లోకి పోతాడు.

ఆ మరకలొకటి. ఇంట్లో బట్టలుతికే ఎలీసమ్మ ఒకరోజు ఉతుకుతూ ఉతుకుతూ అతని బనీను పైకెత్తి పట్టుకుంది. మెడ దగ్గరా చంకల దగ్గరా నారింజరంగు మరక. తలగడ గలీబుకీ అంతే. "కారం మరకనుకుంటాలే ఎలీసమ్మా, సబ్బు పెట్టు" అంటే, "కారం కాదమ్మా. ఇన్నేళ్లబట్టి ఉతుకుతున్నా, కారమైతే నా చేతులు మండవా? ఇది మండట్లా" అంది. అని, ఇంకేం అనకుండా తల వంచుకుని ఉతికింది. ఎలీసమ్మ అనకుండా మింగిన మాట ఏమిటో అఖిలకి తెలుసు. నారింజరంగు కుంకుమ అయ్యుండొచ్చు, ఒంటికి రాసుకునే గంధం అయ్యుండొచ్చు. ఒక మనిషి ఇంకో మనిషికి ఆనుకుంటే అంటుకునేది ఏదైనా అయ్యుండొచ్చు. ఆ రాత్రి ఆ బనీను వాసన చూసింది. ఏ వాసనా లేదు. వాసన లేకపోవడం ఇంకా భయపెట్టింది.

అన్నిటికంటే ఆ చీర. కిందటి నెల్లో వాళ్ల అమ్మ పెట్టిన ఎర్ర వెంకటగిరి కట్టుకుని, చాలా రోజుల తర్వాత కాస్త తయారై, హాల్లో అతని ముందునుంచి రెండుసార్లు నడిచింది. తలెత్తి చూసి, "ఈ ఆకుపచ్చది బాగుంది నీకు" అన్నాడు. ఆకుపచ్చది! ఆ రోజంతా ఆమెకి అన్నం దిగలేదు. కళ్ల ముందున్న చీర కనపడనంతగా ఏ ఆకుపచ్చ చీరని తలుచుకుంటున్నాడు? ఆ ఆకుపచ్చ చీర కట్టుకున్నది ఎవరు?

చుక్కలు పడుతున్నాయి. బేసిన్లో నీళ్లు రెట్టింపయ్యాయి, రంగు కాస్త పలచబడింది. చిన్న గిన్నెతో సగం ముంచి బకెట్లో పోసింది. ముందు దీన్ని చూడాలి, దీని సంగతి తేల్చాలి. డిగ్రీలో బాలత్రిపురసుందరి మేడమ్ జువాలజీ ల్యాబులో ఫార్మలిన్ సీసా ఎత్తి చూపించేవారు. లోపల ఉడికిన పిండిముద్దలా తెల్లగా ఒక సీ ఎనిమోన్. అది బతికున్నప్పుడు ఏ రంగులో ఉండేదో ఎవరికీ తెలియదు. "రంగు చూసి పేరు పెట్టకండమ్మా. రంగు వెలుతుర్ని బట్టి మారిపోతుంది, తిండిని బట్టి మారిపోతుంది. తిప్పి అడుగు చూడండి" అనేవారు మేడమ్. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి నెట్‌సెంటర్లో కూర్చుని అఖిల చదువుకున్నదీ అదే. తివాచీలా పరుచుకునే ఎనిమోన్లు ముఖ్యంగా మూడు రకాలు. ఒకదానికి పొట్ట కింద నారింజ చుక్కలు వరసలు కట్టి ఉంటాయి, అది రాళ్ల సందున అతుక్కుంటుంది. ఇంకోదానికి వేళ్లలాంటి కాస్త పొడుగు కేసరాలు, ఎప్పుడూ వణుకుతుంటాయి, దానికి నీళ్ల పారుదల బాగా కావాలి. మూడోదానికి కొత్త టవలు మీద నూలుపోగుల్లా పొట్టి కేసరాలు, అంచులు కుచ్చిళ్లలా ముడతలు పడతాయి, పొట్ట నున్నగా ఉంటుంది. అది లోతైన ఇసకలో పాదం దించుకుని, తొట్టి అడుగున ఉన్న అద్దాన్ని పట్టుకుంటుంది. అన్నిటికంటే జిగట అదే. ఆదమరిచిన చేపని కూడా పట్టుకు తినేస్తుంది. ఏ రకమో తెలియకుండా తొట్టిలో పడేస్తే, రాయి కావల్సినదాన్ని ఇసకలోనూ, ఇసక కావల్సినదాన్ని రాళ్లలోనూ పెట్టి చంపుకోవడమే.

టార్చి వేసి, అరచేతిని కింద పెట్టి, నీళ్లలోనే మెల్లగా పక్కకి ఒరిగించింది. పాదం చిరగలేదు, అదొక నయం. తొట్టి గోడ నుంచి మొరటుగా లాగి పీకితే పాదం చిరుగుతుంది, చిరిగితే ఇక బతకదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మంచి లక్షణం కాదు, ప్రయాణపు బడలిక అయ్యుండొచ్చు. పొట్ట మీద నారింజ చుక్కలు కనపడలేదు. కానీ ఈ పూత కింద చుక్కలున్నా కనపడతాయా? రంగు పైపైన ఉన్నదాన్ని మాత్రమేనా దాచేది? కేసరాలు పొట్టివి, మొద్దువి, దట్టంగా ఉన్నాయి. మూడో రకమే అయ్యుండాలి. నమ్మకం కోసం చూపుడువేలు ఆనించింది. గమ్ములా పట్టుకోవాల్సింది, సబ్బుముక్కలా జారింది. నీరసంగా ఉంది. ఈ జాతి ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది, దాని గోధుమరంగే దీని అసలు రంగు, అదే దీని అన్నం. ఎండ పడినప్పుడు ఆ నాచు వండిపెడితే ఇది తింటుంది. నాచు పోయి తెల్లగా పాలిపోయిన వాటినే దుకాణాలవాళ్లు రంగులో ముంచి అమ్ముతారు. జబ్బుని సింగారించి అమ్ముతారు.

ఉండబట్టలేక ఫోన్ దగ్గరికి వెళ్లి మిల్లుకి చేసింది. వీరబాబు ఆమె సొంత తమ్ముడు. నాలుగేళ్లుగా బావ దగ్గరే మిల్లు చూస్తున్నాడు. వెనక రోకళ్ల మోత.

"ఏరా, మీ బావ మద్రాసులో ఎవర్ని కలుస్తాడు?"

అవతల రోకళ్లు దంచుతూనే ఉన్నాయి.

"నిన్నేరా అడిగేది."

"అది... నన్నడుగుతావేందక్కా. బావనే అడుగు."

"అంటే నీకు తెలుసన్నమాట."

"అక్కా, లోడు వచ్చింది. పెట్టేస్తన్నా."

పెట్టేశాడు. అఖిల రిసీవరు చేతిలో పట్టుకుని నిలబడింది. తన తమ్ముడు. తన చేత్తో అన్నం పెట్టి పెంచిన తమ్ముడు. ఊరంతా తెలుసా అయితే? ఎలీసమ్మకి తెలుసు, వీరబాబుకి తెలుసు, మిల్లులో కాయ తొడిమెలు తీసే ఆడవాళ్లు తను వెళ్లినప్పుడు మాటలు ఆపేశారు. అందుకే ఆపారు. ఈ మధ్య అతను కాయ చూడ్డం కూడా మానేశాడు. మొన్న ఆమె మిల్లుకి వెళ్లినప్పుడు రైతు బస్తా విప్పి గుప్పెడు కాయ చేతికిస్తే, కనీసం కిందకి చూడకుండా, "వీరబాబూ, నువ్వు చూడరా" అని పక్కకి ఇచ్చేశాడు. మనసు ఇక్కడ లేని మనిషి. కర్నూలు రోడ్డు మీద గ్రానైటు లారీ పోయింది, చీమకుర్తి నుంచి వచ్చే పెద్దరాయి లారీ, కిటికీ అద్దాలు గలగలలాడాయి, బేసిన్లో నీళ్ల మీద సన్నటి వలయాలు లేచాయి. అడగాలి. ఈ రోజు అడగాలి. అడిగితే ఒప్పుకుంటాడా? ఒప్పుకుంటే ఏం చెయ్యాలి? కూతురు పరీక్షలు అయ్యేదాకా ఊరుకోవాలా? అడక్కపోతే ఇంకా ఎన్నాళ్లు ఈ బనీన్లు వాసన చూస్తూ బతకాలి? అయినా వచ్చేనెల దాటితే కొత్తకాయ వస్తుంది, రోజుకి ఎన్ని లారీలు, మిల్లు చూడాల్సిన మనిషి మద్రాసులో...

తలుపు చప్పుడైంది. నాగేంద్రబాబు గుమ్మంలోనే ఆగాడు, ఎప్పటిలాగే దూరంగా. తువ్వాలు మూతికి అడ్డంగా వేసుకున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. ఎప్పుడు ఇంత చిక్కిపోయాడు? చూస్తూనే ఉంది, చూడలేదు.

"బతికే ఉందా?"

"ఉంది."

"దారిపొడుగునా ఒళ్లోనే పెట్టుకున్నా. ఎండ తగలకుండా తువ్వాలు కప్పి. పక్కనోళ్లు ఏందది ఏందది అని ఒకటే గొడవ."

"ఎవరు ఏరారు దీన్ని?"

"ఏరేదేంది?"

"దుకాణంలో. ఇది ఇవ్వండి అని వేలు పెట్టి చూపించింది ఎవరు? నిజం చెప్పండి."

"నేనే. ఇంకెవరుంటారు నాతో?" అతని మొహంలో నిజంగానే ఆశ్చర్యం కనపడింది. అది నటనేమోనని ఆమె కళ్లార్పకుండా చూసింది. "నువ్వే గదా చెప్పావు ఒకసారి. రంగేసినవి వద్దు, పాలిపోయినవి వద్దు, మట్టిరంగుదయితేనే ఆరోగ్యంగా ఉండిద్దని. ఆడ నీలంవీ పసుపుపచ్చవీ ఏందేందో ఉన్నయి. షాపోడు అవే అంటగట్టబోయాడు. నాకేం పన్లా, నేను కారం వ్యాపారం చేసేవాణ్ణి, నా దగ్గరా నీ రంగులు అని, అన్నీ పక్కన పెట్టించి గోధుమరంగుది చూసి తెచ్చా."

అఖిల నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు. బేసిన్ వైపు, ఆ రాణీకలర్ ముద్ద వైపు, తన సరుకు తను మెచ్చుకుంటున్నవాడిలా చూస్తున్నాడు.

సంగతేమిటో ఇంకా తెలియలేదు, కానీ ఎదురు కుర్చీలో ఇంతసేపూ కూర్చున్న ఆ గాజుల మనిషి లేచి నిలబడినట్టయింది.

"ఏమండీ," అంది. "ఈ బేసిన్లో నీళ్లు ఏ రంగులో ఉన్నాయి?"

"నీళ్లకి రంగేంది?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఎన్నో రోజుల తర్వాత తిన్నగా చూశాడు. బేసిన్ వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు. నవ్వబోయిన పెదవి మధ్యలోనే ఆగిపోయింది. గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసి, ఆగి, తువ్వాలు గట్టిగా మూతికి అదుముకుని, చాలా మెల్లగా అడిగాడు.

"ఎర్రగా ఉందా, అఖిలా?"

"ఉంది."

"బాగా?"

"నీళ్లు కూడా."

అతను గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. మిల్లులో బస్తాల మీద కూర్చునే మనిషి, నేల మీద మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. వరసగా చెప్పలేదు, అక్కడోటి ఇక్కడోటి. దగ్గు వానాకాలం నుంచే ఉందట. ఒకరోజు తెమడలో రక్తం. ఒంగోలులో చూపిస్తే ఊరంతా తెలుస్తుందని మద్రాసు పోయాడు. టీబీ. ఆరు నెలలు మాత్రలు. ఆ మాత్రలు వేసుకుంటే చెమట, కన్నీళ్లు, మూత్రం అన్నీ నారింజరంగులో వస్తాయని డాక్టరు ముందే చెప్పాడట. "బనీన్లు దాచిపెడదామనుకున్నా గానీ ఎలీసమ్మ ఊరుకోదు గదా." కిందటి నెల నుంచి ఇదొకటి. ఎరుపు వెలిసిపోతూ వచ్చిందట. ముందు కాయ అంతా పాతకాయలాగా కనపడిందట, రైతుల మీద అరిచాడట రెండేళ్లనాటి సరుకు తెచ్చి ఈ ఏటిదంటారా అని. వీరబాబు చెయ్యి పట్టి పక్కకి లాక్కుపోయి, బావా ఇది ఎర్రగానే ఉంది అన్నాడట. నిన్న డాక్టరు ఏవో రంగుచుక్కల బొమ్మలు చూపించి వాటిల్లో అంకెలు చదవమన్నాడు. చదవలేకపోయాడు. జబ్బు తగ్గుతోందటగానీ, మాత్రల్లో ఒకటి కంటినరం మీద పనిచేసిందట, అది ఆపేశాడు.

"వస్తుందా తిరిగి?"

"వస్తదన్నాడు. నెలలు పట్టిద్దన్నాడు. కొంతమందికి మొత్తం రాదన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"కారం మిల్లోడికి టీబీ అంటే ఆ కారం ఎవరు కొంటారు? కూర్లో ఎవరు వేసుకుంటారు?" దగ్గు వచ్చింది, గోడవైపు తిరిగి దగ్గాడు. "నీకు చెబితే నువ్వు దూరంగా ఉంటావా? ఉండవు. నీకు అంటుకుంటే? పిల్లకి అంటుకుంటే?"

ముందుగది. గ్లాసు. కంచం. గోడతో మాటలు. దసరా. ఆకుపచ్చ చీర. అన్నీ ఒక్కసారి తిరగబడ్డాయి. తనని వదిలి వెనక్కి వేసిన ప్రతి అడుగూ తన కోసం వేసిందేనా? అది తెలియగానే జాలి రావాలి. ముందు కోపమొచ్చింది. మూడు నెలలు! తను ఎక్కడా లేని ఆడమనిషికి చీర కట్టి, పూలు పెట్టి, రోజూ రాత్రి ఆమెతో పోట్లాడుకుంటూ నిద్ర లేకుండా పడుకుంటే, ఈయన గోడకి అవతల తలగడలో నోరు నొక్కుకుని రక్తం దగ్గుతున్నాడు. వీరబాబుకి తెలుసు. పెళ్లాం ఒక్కదానికే తెలియదు. కోపం వెనకాలే భయం. భయం వెనకాల మళ్లీ ఆ అలవాటైన అనుమానమే, ఒక ఇల్లు ఖాళీ చేస్తే ఇంకో ఇల్లు వెతుక్కునే అద్దెమనిషిలా. ఇంతేనా? ఇంకేమైనా ఉందా? జబ్బు తగ్గుతోందని నిజంగానే డాక్టరు అన్నాడా, ఇతను అంటున్నాడా?

"డాక్టరు నా గురించి ఏమీ అడగలేదా?"

అతను నేలవైపు చూశాడు. "తీసుకురమ్మన్నాడు. నిన్నూ పిల్లనీ. పరీక్ష చెయ్యాలన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"మొదట్లోనే."

"ఇంకేం దాచారు?"

"ఏం లేదు."

ఆమె నమ్మలేదు. నమ్మడం అంత తొందరగా రాదు. బేసిన్ దగ్గరికి వెళ్లి కూర్చుంది. గంట దాటింది. హైడ్రోమీటరు ముంచి చూసింది, బేసిన్లో ఉప్పూ తొట్టిలో ఉప్పూ ఒకటయ్యాయి. మోటార్లు రెండూ ఆపేసింది, లేకపోతే నిలదొక్కుకోకముందే దీన్ని లాగేస్తాయి. తొట్టి మధ్యలో, రాళ్లకి దూరంగా, ఇసకని వేళ్లతో అద్దం తగిలేదాకా తవ్వింది. అన్నం పళ్లెం అంత ఉన్న ఆ ముద్ద కింద రెండు చేతులూ పెట్టి ఎత్తింది. బేసిన్లో నీళ్లు ఒక్క చుక్క కూడా తొట్టిలో పడకుండా కార్చి, మెల్లగా గుంటలోకి దించింది. చెయ్యి తీయబోతే మణికట్టు దగ్గర ఏదో పట్టుకుంది. పొట్టి కేసరాల గుంపొకటి చర్మానికి అంటుకుని, గమ్ములా, వదలనంటోంది. ఇందాక సబ్బులా జారింది ఇదేనా? లాగలేదు. లాగితే తెగిపోతాయి. అలాగే ఉంచింది, అవి వదిలేదాకా. మూడో రకమే. ఇసకదే. ఇక అనుమానం లేదు, దీని మటుకు.

"పారేద్దామా దాన్ని?" వెనకనుంచి అతను. "రంగేసింది గదా. చచ్చిపోద్దేమో."

"ఎందుకు పారెయ్యడం? పాదం బాగుంది. మంచి లైటు వేస్తా. వారానికోసారి వేలిగోరంత రొయ్యముక్క నోట్లో పెడతా. రంగు అదే కక్కేస్తుంది. లోపల కాస్తయినా నాచు మిగిలుంటే మెల్లగా పెరుగుతుంది."

"మామూలు రంగు వస్తుందా?"

"వస్తుంది."

"నిజంగా?"

అఖిల తిరిగి చూసింది. అతను ఆమె మొహం మీదినుంచి కళ్లు తీయకుండా, అబద్ధం ఎక్కడ పట్టుబడుతుందా అని వెతుకుతున్నాడు. కళ్లు, పెదవులు, మళ్లీ కళ్లు. ఎన్నాళ్లుగానో తను అతన్ని చూస్తూ వచ్చిన చూపు బయటినుంచి చూస్తే ఇలా ఉంటుందని ఆమెకి అప్పుడు తెలిసింది. తొట్టిలో ఉన్నది ఏ రంగుకి తిరిగినా అతను చూడలేడు. తను చెప్పిందే వినాలి. కొత్తకాయ వచ్చినా అంతే, తనో వీరబాబో చెప్పిందే వినాలి.

"తెలియదు," అంది. "బతుకుతుందనుకుంటున్నా. కచ్చితంగా తెలియదు."

అతని భుజాలు కొంచెం దిగాయి. ఆ మాట నమ్మాడు.

కేసరాలు మణికట్టుని వదిలాయి. చెయ్యి తీసి, కొంగుకి తుడుచుకుని, లేచి వెళ్లి అతని పక్కన గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

"దూరంగా కూర్చో, అఖిలా."

"మద్రాసుకి ఎల్లుండి పొద్దున రైలుకి పోదాం. ముందు గుంటూరు పోయి పిల్లని తీసుకొద్దాం. దానికి నేనే చెబుతా."

"దూరంగా కూర్చో అంటున్నానా."

ఆమె జరగలేదు. అతను దగ్గు వచ్చి మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె లేచి, వీధివైపు కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంది.